త్రిమూర్తులుకి బిగించిన నూకరాజు

తప్పంతా త్రిమూర్తులుదే. పెద్ద అధికారి ఏదైనా అడిగితే "చిత్తం, చూస్తామండి" అని ఊరుకోవాలి. పదకొండేళ్ళ సర్వీసున్నవాడు ఆ మాత్రం తెలియనట్టు, అడిగినదానికి అర్థమయ్యేలా జవాబు చెప్పాడు. అధికారికి అర్థమైపోయింది. తరవాత జరిగిన అనర్థమంతా ఆయనకి అర్థం కావడం వల్లనే జరిగింది.

కాకినాడ పొలిమేరలో రాష్ట్ర సమాచార భాండాగార సంస్థవారి సర్వర్ల కేంద్రం ఉంది. పదో తరగతి మార్కుల దగ్గర్నుంచి టీచర్ల బదిలీల దాకా, జనం సెల్‌ఫోన్లో చూసుకుని నవ్వేవీ ఏడ్చేవీ అన్నీ ఆ కేంద్రంలోని మనిషెత్తు బీరువాల్లో గుర్రుమంటూ ఉంటాయి. ఆ గుర్రుని చూసుకునే ఇంజనీరు మన త్రిమూర్తులు. నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు, కొంచెం పొట్ట. ఆయనకి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. భార్య హైమావతి సోషల్ టీచరు. ఆరేళ్ళ కిందట ఆమెని చింతూరు అవతల మన్యంలో మారేడుగుప్ప అనే ఊరి బడికి వేశారు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆమె కాకినాడ చేరేసరికి రాత్రి భోజనాల వేళ దాటిపోతుంది, ఆదివారం మధ్యాహ్నం భోంచేసి మళ్ళీ బస్సెక్కుతుంది. ఆరేళ్ళుగా ఆ దంపతులు కలిసి తిన్నవి ఆదివారం భోజనాలే. మారేడుగుప్పలో సిగ్నల్ కూడా ఉండదు. ఊరి వెనక గుట్ట మీద ఒక బండ ఉంది, ఆ బండెక్కితేనే ఫోను పలుకుతుంది. ఈ ఏడాది టీచర్ల బదిలీలు పెట్టబోతున్నారనీ, కాకినాడ పక్కనే తిమ్మాపురం హైస్కూల్లో సోషల్ టీచరు ఖాళీ ఉందనీ తెలిసిన దగ్గర్నుంచీ త్రిమూర్తులు రోజూ ఆ ఖాళీ ఇంకా ఖాళీగానే ఉందా అని చూసుకుంటున్నాడు.

అటువంటి రోజుల్లో, రాజధాని నుంచి ప్రధాన కమిషనరు పరాంకుశం గారు తనిఖీకి వేంచేశారు. మొదటి సర్వరుకి కొబ్బరికాయ కొట్టించి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన అడిగారు.

"ఈ యంత్రము అకస్మాత్తుగా మూర్ఛిల్లినచో, దానిని మేల్కొలుపు యంత్రాంగమేమిటి?"

"ప్రతి సర్వరు లోపలా వేలి గోరంత చిప్పు ఒకటుంటుందండి," అన్నాడు త్రిమూర్తులు. "దాన్ని బీఎంసీ అంటారు. నేను కాపలా చిప్పు అంటానండి. దానికి కరెంటు వేరు, వైరు వేరు. సర్వరు ఆగిపోయినా అది ఆగదండి. వేడి ఎంతుందో, ఫ్యాను తిరుగుతోందో లేదో చెబుతూనే ఉంటుంది. మనం దూరాన కూర్చుని దానికి చెబితే, అదే సర్వర్ని ఆపుతుంది, లేపుతుంది."

"అనగా యజమాని నిద్రించినా ఇది నిద్రించదు?"

"నిద్రపోదండి."

"సెలవు?"

"పెట్టదండి."

"మరే ఇతర పనిలోనూ వేలు పెట్టదు?"

"పెట్టదండి. అందుకే బిగించారండి దాన్ని."

పరాంకుశం గారి కళ్ళు చెమర్చాయి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో అటువంటి ఉద్యోగిని ఆయన చూడలేదు.

"ఎంత దూరము నుండి?" అని గద్గదంగా అడిగారు.

త్రిమూర్తులుకి దూరం అనగానే ఒకటే ఊరు గుర్తొస్తుంది. "ఎంత దూరమైనా పరవాలేదండి. చింతూరు అవతల మారేడుగుప్ప నుంచైనా చెయ్యొచ్చండి," అన్నాడు.

కమిషనరు గారి వెనక నిలబడ్డ పీఏ ఆ ఊరి పేరు స్పెల్లింగుతో సహా డైరీలో రాసుకున్నాడు.

ఇదే ఊపులో త్రిమూర్తులు తన చిరకాల విన్నపం కూడా చేసుకున్నాడు. కాపలా చిప్పుల్లోకి వెళ్ళడానికి కంపెనీవాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డే ఇంకా నడుస్తోంది. అది ప్రపంచంలో ఎవడికైనా తెలుసు. మార్చుకోనివ్వండని ఆయన ఇప్పటికి ఆరు ఉత్తరాలు రాశాడు. మొదటిదానికి, పాత పాస్‌వర్డు చేసిన తప్పేమిటో వివరించమని జవాబొచ్చింది. నాలుగోదానికి, ప్రతిపాదిత కొత్త పాస్‌వర్డును మూడు ప్రతులలో జతపరచి, అభ్యంతరాల నిమిత్తం పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద ఉంచవలసిందని వచ్చింది. ఆరోదానికి ఇంకా రాలేదు.

"ఫైలు పురోగమనములో ఉన్నది," అన్నారు పరాంకుశం గారు. ఆయన ధ్యాస అప్పటికే ఇంకెక్కడో ఉంది.

మూడు వారాల్లో ఉత్తర్వు వచ్చింది.

"సర్వరునకు గల సదుపాయము ఉద్యోగికి లేకుండుట వివక్ష క్రిందికి వచ్చును. కావున ఇందుమూలముగా ప్రతి ఉద్యోగికిని ఒక అంకిత నియంత్రకుని బిగించవలెనని ఉత్తర్వు చేయడమైనది. నియంత్రకుడు ఉద్యోగి పనిని చేయరాదు. ఉద్యోగి ఉన్నంతసేపు ఉండవలెను. ఉద్యోగి లేనప్పుడు సైతము ఉండవలెను. ఉద్యోగి ఉష్ణోగ్రత, ఊపిరి, తేమ మున్నగునవి అరగంటకొకమారు నమోదు చేయవలెను. పై నుండి వచ్చు ఆన్, ఆఫ్, రీస్టార్ట్ ఆజ్ఞలను తక్షణము అమలుపరచవలెను."

కొత్త పోస్టులు మంజూరు కావు గనక, ఉన్నవాళ్ళలోంచే సగం మందిని మిగతా సగానికి బిగించారు. త్రిమూర్తులుకి బిగించినవాడి పేరు దొమ్మేటి నూకరాజు. రికార్డు అసిస్టెంటు, యాభై ఆరేళ్ళవాడు, ఇంత నామం, చంకలో గొడుగు, చీమకి కూడా దారిచ్చే మనిషి. చిప్పుని బోర్డుకి అతికిస్తారు కాబట్టి, నూకరాజు కుర్చీ కాలుని త్రిమూర్తులు కుర్చీ కాలుకి నవారుతో కట్టారు. కరోనా నాడు కొని గోడౌన్లో పడేసిన థర్మామీటరు తుపాకులు దులిపి తలా ఒకటి ఇచ్చారు.

మొదటిరోజు పదిన్నరకి నూకరాజు మొహమాటంగా తుపాకి ఎత్తి త్రిమూర్తులు నుదుటికి గురిపెట్టాడు.

"ఆయ్, ఏవీ అనుకోకండి. తొంభై ఏడు పాయింట్ ఎనిమిది అండి."

"రాసుకోండి నూకరాజు గారూ."

"ఊపిరి నిమిషానికి పదహారండి. మరి ఈ తేమ కాలమ్‌లో ఏం రాయమంటారండి?"

"సర్వర్ల గదిలో గాలి తేమ కొలుస్తాంలెండి, అక్కణ్ణుంచి ఎత్తి రాసేశారు. మనిషికి తేమేంటి? ఖాళీగా వదిలెయ్యండి."

"ఖాళీ వదిలితే తిప్పి పంపుతారేమోనండి."

"అయితే గీత పెట్టండి."

నూకరాజు స్కేలుతో చక్కగా గీత పెట్టాడు. ఆ రోజు నుంచీ అరగంటకోసారి తేమ దగ్గర ఆగి ఒకసారి త్రిమూర్తులు మొహంలోకి చూసేవాడు. తరవాత గీత పెట్టేవాడు.

సర్వరు మీద దీపాలుంటాయి కాబట్టి ఉద్యోగుల జేబులకీ దీపాలు తగిలించారు. పని చేస్తుంటే ఆకుపచ్చ, ఊరికే ఉంటే పసుపు. ఫలానా మనిషి ఎక్కడున్నాడో రాజధానివారికి తెలియవలసి వస్తే వాళ్ళక్కడ మీట నొక్కుతారు, ఇక్కడ నీలం దీపం టపటపా వెలిగి ఆరుతుంది. ఒకసారి సూపరింటెండెంటు గారి కోసం నొక్కితే మరుగుదొడ్డి తలుపు కింద నుంచి నీలం వెలుగొచ్చింది. బయట నిలబడ్డ ఆయన నియంత్రకుడు "యూనిట్ లభ్యం" అని ఫోనులో చెప్పాడు.

రీస్టార్ట్ అంటే ఉద్యోగి ఉన్నపళాన లేచి, గేటు దాటి బయటికి పోయి, పది నిమిషాలు చల్లబడి, మళ్ళీ లోపలికొచ్చి సంతకం పెట్టాలి. ఇందులో రెండు రకాలు. మర్యాద రీస్టార్టయితే చేతిలో పని ముగించుకోనిస్తారు. మొండి రీస్టార్టయితే ఉన్నది ఉన్నట్టే. సీనియర్ అసిస్టెంటు వరహాలమ్మ గారికి అన్నం తింటుండగా మొండిది వచ్చింది. ఆవిడ పప్పన్నం ముద్ద పట్టుకునే గేటు దాటి, పది నిమిషాలు ఎండలో నిలబడి, ఆ ముద్ద తోటే తిరిగొచ్చి, ఎడం చేత్తో సంతకం పెట్టారు. రీస్టార్ట్ తరవాత ఆవిడ పనితీరులో స్పష్టమైన మెరుగుదల కనిపించిందని రిపోర్టు వెళ్ళింది. నిజానికి ఆవిడ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, అంతే.

కాపలా చిప్పుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది గనక, నియంత్రకులకి టీ ఎప్పుడూ ఉంటుందని ఇంకో సవరణ వచ్చింది. ఉద్యోగికి మాత్రం ఆన్‌లో ఉంటేనే టీ. ఈ సవరణ వచ్చిన వారంలో నియంత్రకులుగా మార్చమని ఇరవై రెండు దరఖాస్తులు పడ్డాయి. వాళ్ళ అదృష్టం, అదే సమయానికి తనిఖీ బృందం వచ్చి ఒక ప్రశ్న వేసింది. నూకరాజు ఉష్ణోగ్రత ఎవరు చూస్తున్నారు?

ఎవరూ చూడటం లేదు. సంస్థకి ముచ్చెమటలు పట్టాయి. వెంటనే నూకరాజుకి ఒక నియంత్రకుణ్ణి బిగించారు. ఆయనకి ఒకరు, ఆయనకి ఇంకొకరు. కొత్త పోస్టులు లేవు కాబట్టి, పనిచేసేవాళ్ళనే ఒక్కొక్కళ్ళని లాగి గొలుసులో పెట్టారు. నెల తిరిగేసరికి కేంద్రంలోని అరవై నలుగురిలో అరవై ముగ్గురు నియంత్రకులయ్యారు. వాళ్ళ కుర్చీలు వరండాలో ఒకదానికొకటి నవారుతో కట్టి, మెట్లెక్కి, మేడ మీద డైరెక్టరు గారి గది దాకా వెళ్ళాయి. ఉదయం పదిన్నరకి అందరూ ఒకేసారి తుపాకులెత్తి ముందువాడి నుదుటికి గురిపెడితే, చూడవచ్చిన కొత్తవాళ్ళు చేతులు పైకెత్తేవారు. పనిచేసేవాడు ఒక్కడు మిగిలాడు. వాడే త్రిమూర్తులు.

"నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు నియంత్రణ సాధించిన ఏకైక కేంద్రము," అని పరాంకుశం గారు సభలో చెప్పుకున్నారు.

త్రిమూర్తులు ఇవేవీ మనసుకి పట్టించుకోలేదు. అరవై నలుగురి పని ఒక్కడే చేస్తున్నా గొణగలేదు. బదిలీల కౌన్సెలింగు ప్రకటించారు. టీచర్లు తమకి కావలసిన బడి పేరు కంప్యూటర్లో ఎంచుకుని నొక్కాలి, శుక్రవారం సాయంత్రం అయిదింటితో ఆఖరు. మన్యంలో చేసిన ఆరేళ్ళకి హైమావతికి బోలెడు పాయింట్లున్నాయి. ఒక్క నొక్కు నొక్కితే తిమ్మాపురం ఆమెదే. నొక్కకపోతే మళ్ళీ బదిలీలు ఎప్పుడో దేవుడికే తెలియాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె చింతూరు నెట్ సెంటరులో కూర్చుంది. ముందు వరసలో నలభై మంది టీచర్లున్నారు. ఇక్కడ త్రిమూర్తులు తెర మీద చూస్తున్నాడు. పన్నెండు వేల మంది టీచర్లు ఒక్కసారే మీద పడేసరికి బదిలీల సర్వరు ఆయాసపడుతోంది. మూడుం పావుకి ఆయనకి అర్థమైపోయింది, ఇంకో అరగంటలో ఇది బిగుసుకుపోతుందని.

"ఆగిపోతుంది! ఆగిపోతుందిది!" అని కుర్చీ వెనక్కి తోసి లేచాడు. నవారుతో కట్టిన నూకరాజు కుర్చీ కూడా దాంతో పాటు వెనక్కి జరిగింది.

తుపాకి కుయ్యిమంది. నూకరాజు అంకె చూసి బెదిరిపోయాడు.

"ఆయ్, తొంభై తొమ్మిది పాయింట్ రెండండి."

సర్వరు వేడెక్కితే నూట అరవై డిగ్రీల దాకా ఓపిక పట్టవచ్చు. ఉద్యోగి తొంభై తొమ్మిది దాటితే ఎవరి ఆజ్ఞా లేకుండానే ఆఫ్ అయిపోవాలని పదకొండో నిబంధన.

"కంగారు వల్ల నూకరాజు గారూ, జ్వరం కాదు. ఇది చూసుకోవాలి నేను."

"నాకు తెలుసండి. కానీ నా ఎనకాల సుందర్రావు గారు చూత్తన్నారండి. ఆయన ఎనకాల ఇంకోళ్ళు చూత్తన్నారు. మరి ఆఫ్ అయిపోండి."

త్రిమూర్తులు ఆఫ్ అయిపోయాడు. అంటే రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, కళ్ళు మూసుకుని, మాట్లాడకుండా కూర్చోవడం. నూకరాజు ఆయన జేబు దీపం ఆర్పి, తనకి వచ్చిన టీ ఒక గుక్క తాగాడు. గ్లాసు పక్కన పెట్టేశాడు.

మూడూ నలభై అయిదుకి సర్వరు బిగుసుకుపోయింది. మూడూ యాభైకి త్రిమూర్తులు సెల్‌ఫోను మోగింది. ఆఫ్‌లో ఉన్న ఉద్యోగి ఫోనెత్తరాదు. అయితే ఉద్యోగి ఆఫ్‌లో ఉన్నప్పుడు బయటివాళ్ళకి సమాధానం చెప్పేది నియంత్రకుడే కదా. నూకరాజు ఎత్తాడు.

"ఏవండీ, పేజీ కదలట్లేదండీ!" అంది హైమావతి. "నా వంతు వచ్చింది, తిమ్మాపురం మీద వేలు పెట్టాను, గుండ్రంగా తిరుగుతోంది, అంతే!"

"అమ్మా, నేను నూకరాజునమ్మా. ఆయన ఆఫ్ అయిపోయారమ్మా."

అవతల సన్నగా, "ఏంటి బాబాయ్ గారూ మీరనేది?" అని వినిపించింది.

"అయ్యయ్యో, అది కాదమ్మా! మనిషి నిక్షేపంలా ఉన్నారు. ఊపిరి నిమిషానికి ఇరవై నాలుగు. కళ్ళు మూసుకుని కూకున్నారు. వేడెక్కారని ఆపేశామమ్మా."

"ఆపెయ్యడమేంటండీ, మనిషిని! ఆయనకివ్వండి!"

"ఆన్ చేస్తేగానీ మాట్లాడకూడదమ్మా."

"అయితే ఆన్ చెయ్యండి బాబాయ్ గారూ! అయిదింటికి మూసేస్తారు. ఆరేళ్ళండీ... ఆరేళ్ళు!" అంది ఆమె. త్రిమూర్తులు మూసిన కళ్ళ వెనక ఆ మాట విన్నాడు. బల్ల మీది వేళ్ళు వణికాయి. ఆ వణుకు ఏ కాలమ్‌లోకి వస్తుందో తెలియక నూకరాజు రాయలేదు.

ఆన్ చెయ్యడానికి నూకరాజుకి అధికారం లేదు. విన్నపం రాసి సుందర్రావుకి అందించాడు. సుందర్రావు సంతకం చేసి వెనక్కి అందించాడు. కాగితం వరండా వెంట కుర్చీ కుర్చీకీ మారి మెట్ల దాకా వెళ్ళింది. నాలుగో మెట్టు మీద ఉన్న సూపరింటెండెంటు గారు తుమ్మినందువల్ల అప్పటికే ఆఫ్‌లో ఉన్నారు. ఆయన్ని ఆన్ చెయ్యడానికి వేరే విన్నపం కావాలి. అది ఆయన చేతుల మీదుగానే పైకి వెళ్ళాలి. ఆయన ఆఫ్‌లో ఉన్నారు. ఈ విషయం కుర్చీ కుర్చీకీ గుసగుసగా దిగొచ్చి నూకరాజుని చేరేసరికి నాలుగుం పావయింది.

నూకరాజు ఉత్తర్వుల పుస్తకం తీసి, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఉద్యోగంలో చేరిన ముప్పై ఏళ్ళలో ఆయన ఒక ఉత్తర్వుని పని జరగడం కోసం చదవడం అదే మొదలు. ఏడో పేజీలో ఆగాడు.

"త్రిమూర్తులు గారూ, ఇనపడతందా అండి? తవరు పలక్కండి. ఆన్ చెయ్యడానికి నాకు పవర్ లేదండి. ఆఫ్‌లో ఉన్నోణ్ణి రీస్టార్ట్ చెయ్యడానికి ఉందండి. ఆఫ్‌లో హాయిగా కూకోడానికి అలవాటు పడిపోతారని, కింద వాళ్ళకే ఇచ్చారంట అది." గొంతు సవరించుకుని, వరండా అంతా వినబడేలా అరిచాడు. "యూనిట్ అరవై నాలుగు, మొండి రీస్టార్ట్!"

త్రిమూర్తులు కళ్ళు తెరిచాడు. నూకరాజు నవారు ముడి విప్పి, ఫోను ఆయన జేబులో పెట్టి, గేటు దాకా వెంట నడిచాడు. గేటు దగ్గర ఆగిపోయాడు.

"గేటు అవతల తవరు మా ఉద్యోగి కాదండి. పది నిమిషాలు ఎవరో దారిన పోయే మనిషి. నాకేం కనపడదు," అని, గొడుగు విప్పి, గేటుకి వీపు చూపించి నిలబడ్డాడు. ఎండ లేదు, వాన లేదు.

గేటు ఎదురుగా బేబమ్మ టీ కొట్టుంది. త్రిమూర్తులు ఆ బల్ల మీద కూలబడి సెల్‌ఫోను తీశాడు. బదిలీల సర్వరు బిగుసుకుపోయింది, కానీ దాని లోపలి కాపలా చిప్పు బిగుసుకోదు. దానికి కరెంటు వేరు, వైరు వేరు. దాని చిరునామా ఆయనకి కంఠతా వచ్చు. పాస్‌వర్డు అడిగింది. కంపెనీవాళ్ళు పెట్టి పంపిన పాస్‌వర్డు కొట్టాడు. ఆరు ఉత్తరాలు రాసినా మార్చుకోనివ్వని పాస్‌వర్డు, ఈ క్షణాన ఆయనకి అమృతంలా ఉంది. తలుపు తెరుచుకుంది. వేడి ఇంత, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, సర్వరు పలకడం లేదు, అని చిప్పు చెప్పవలసినదంతా ఒక్క ముక్క ఎక్కువ తక్కువ లేకుండా చెప్పింది. రీస్టార్ట్ చెయ్యమన్నాడు. ఎవరినీ అడక్కుండా, టీ తాగకుండా, అది చేసేసింది.

"ఏంటి బాబూ, అలా సెమటలట్టేసినియ్యి? టీ తాగుతారా?" అంది బేబమ్మ.

"ఇవ్వు తల్లీ. నేను ఆన్‌లో ఉన్నానో ఆఫ్‌లో ఉన్నానో నాకే తెలీదు. అయినా ఇవ్వు."

పది నిమిషాలు దాటినా నూకరాజు గొడుగు ఇటు తిరగలేదు. నాలుగూ నలభైకి బదిలీల పేజీ లేచింది. నాలుగూ యాభై రెండుకి ఫోను మోగింది. "తిమ్మాపురం" అని మాత్రం అంది హైమావతి, తరవాత ముక్కు ఎగబీల్చడం వినిపించింది. త్రిమూర్తులుకి ఇంక చెప్పక్కర్లేకపోయింది. టీ కొట్టు బల్ల మీద కూర్చుని నలభై ఏళ్ళ మనిషి హాయిగా నవ్వాడు. ఆరేళ్ళ తరవాత ఇంట్లో సోమవారం కూడా ఇద్దరికీ వంట చేసుకోవచ్చు.

సోమవారం విచారణ వచ్చింది. పరాంకుశం గారే స్వయంగా విచ్చేశారు. శుక్రవారం నాలుగూ ఇరవై ఎనిమిదికి సర్వరు రీస్టార్ట్ అయింది. ఎవరు చేశారు? అరవై ముగ్గురు నియంత్రకులూ ఆ సమయాన ఒకరి నుదురు ఒకరు చూస్తున్నట్టు పుస్తకాల్లో ఉంది. ఏకైక ఉద్యోగి గేటు బయట చల్లబడుతున్నాడు.

"నీకు బిగించిన ఉద్యోగి బయట ఏమొనరించెను?" అని నూకరాజుని అడిగారు.

"ఆయ్, గేటు దాటాక నా వైరు అందదండి."

"ఏమియు చూడలేదా?"

"గొడుగు అడ్డమొచ్చిందండి."

పరాంకుశం గారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఆఫ్ అయ్యారేమో అని పక్కన కూర్చున్నవాళ్ళు అనుకున్నారు. తరవాత ఆయన లేచి నిలబడి ప్రకటించారు.

"మానవ హస్త ప్రమేయము లేకయే సర్వరు కోలుకొనినది. ఎప్పుడు? ఉద్యోగి దానికి నలభై గజముల దూరమున ఉన్నప్పుడు! ఇన్నాళ్ళుగా దాని చెంతనే ఉండి అతడు సాధించలేనిది, నలభై గజముల దూరము సాధించినది. కేవలము నలభై గజములకే ఇంతటి ఫలితము లభించినచో, రెండు వందల కిలోమీటర్లకు ఎంతటి ఫలితము లభించవలెనో ఊహింపుడు!"

అందరూ ఊహించారు. పీఏ డైరీ తెరిచి, తేదీ వెతికి, ఒక ఊరి పేరు చదివి వినిపించాడు.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వచ్చింది. "సదరు ఉద్యోగిని దూర నియంత్రణాధికారిగా పదోన్నతి కల్పించి, తనిఖీ సందర్భమున ఆయన స్వయముగా సూచించిన మారేడుగుప్ప గ్రామమున, అంకిత నియంత్రకునితో సహా నియమించడమైనది. అచ్చట సిగ్నల్ లభించు ప్రదేశమును ఆయన కార్యాలయముగా పరిగణించవలెను."

హైమావతికి తిమ్మాపురం ఉత్తర్వు కూడా ఆ వారంలోనే అందింది.

ఆమె ట్రంకుపెట్టెతో కాకినాడ బస్సు దిగింది శనివారం. ఆదివారం ఇద్దరూ కలిసి భోంచేశారు. భోజనమయ్యాక ఆ ట్రంకుపెట్టెలోంచి ఆమె చీరలు తీసి, ఆయన చొక్కాలు సర్దింది. సర్దుతూ ఒకసారి పడీ పడీ నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ కొంగుతో మొహం కప్పుకుంది. త్రిమూర్తులు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. దూరం అనగానే ఇంకే ఊరూ తోచని తన నోటిని తిట్టుకోవడం తప్ప ఆయన చెయ్యగలిగింది లేకపోయింది.

మధ్యాహ్నం బస్సు దగ్గరికి నూకరాజు గొడుగు, తుపాకి, రిజిస్టరుతో వచ్చి సిద్ధంగా ఉన్నాడు. త్రిమూర్తులు కిటికీ పక్కన కూర్చున్నాడు. హైమావతి కిటికీ చువ్వ పట్టుకుంది.

"నేనున్న గదిలోనే ఇంటివాళ్ళు మంచం ఉంచేశారు, అదే వాడుకోండి. కుండలో నీళ్ళు కాచి పొయ్యండి. గుట్ట మీద బండెక్కాక ఎడమ పక్క నిలబడండి. కుడి పక్క నిలబడితే సిగ్నల్ రాదు."

"ఎడమ పక్క," అన్నాడు త్రిమూర్తులు.

"శనివారం బస్సు నాలుగింటికి. మూడున్నరకే వచ్చి కూర్చోండి, లేకపోతే సీటు దొరకదు. నేను ఆరేళ్ళు అలాగే చేశాను."

బస్సు కదిలింది. ఆమె మలుపు దాకా కనిపిస్తూనే ఉంది, తరవాత కనపడలేదు. గడియారం రెండున్నర కొట్టే వేళకి నూకరాజు అలవాటుగా తుపాకి ఎత్తాడు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. ఊపిరి పద్దెనిమిది. తేమ కాలమ్ దగ్గర స్కేలు ఆనించి, ఎప్పటిలాగే త్రిమూర్తులు మొహంలోకి చూశాడు. ఈసారి గీత పెట్టకుండా ఆగిపోయాడు.

"ఆయ్, ఈ పూట ఏం రాయమంటారండి?"

త్రిమూర్తులు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఉన్నది రాసుకోండి నూకరాజు గారూ," అన్నాడు.